అల్లుడి వడకు నాలుగు రొయ్యలు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో బతకాలంటే చదువే ఉండాలన్న రూలేమీ లేదు, గొంతు ఉన్నా సరిపోయేది. చదువుకునేవాళ్ళు ఎటూ ఉన్నారు. చైతన్యపురి దాకా రోడ్డుకు రెండు వైపులా కోచింగ్ సెంటర్లు, వాటి మీద హాస్టళ్ళు, హాస్టళ్ళ మీద ఆరేసిన తువ్వాళ్ళు. అంతమంది చదువరుల మధ్య, తొమ్మిదో తరగతిలో బడి నన్నూ నేను బడినీ పరస్పర అంగీకారంతో వదిలేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే ఏమో అనిపించేది. (నేను మానేసిన రోజు లెక్కల సారు స్టాఫ్ రూములో స్వీట్లు పంచాడని మా క్లాసువాళ్ళు చెప్పుకునేవారు. నేను నమ్మలేదు. ఆయన అంత ఖర్చు పెట్టే మనిషి కాదు.) నా గొంతు విని ఒక చీరల షాపు సేఠ్ నన్ను గుమ్మం ముందు నిలబెట్టాడు. పొద్దుటి నుంచి రాత్రి షట్టరు దించేదాకా రోడ్డున పోయేవాళ్ళను పిలవడమే నా ఉద్యోగం. "రండమ్మా రండి, అక్కా రండి, కొత్త స్టాకు, చూసినందుకు పైసలు లేవు, చూడకపోతే రాత్రి నిద్ర లేదు." ఎవరైనా ఫక్కున నవ్వితే ఇక ఆ మనిషి మాదే. నవ్వుతున్న మనిషి కాలు తనకు తెలియకుండానే మెట్టు ఎక్కేస్తుందని అప్పట్లో నాకొక సిద్ధాంతం ఉండేది. నా చదువు మొత్తం అదే.

ఆ షాపు పక్క సందులో, సాయంత్రం అయ్యేసరికి ఒక తోపుడు బండి వచ్చి ఆగేది. దాని మీద గ్యాసు పొయ్యి, నల్లటి పెద్ద మూకుడు, ఒక బేసిన్ నిండా పిండి, ఇంకో గిన్నెలో ఒలిచి ఉప్పూ పసుపూ పట్టించిన చిన్న రొయ్యలు. నానబెట్టిన శనగపప్పు బరకగా రుబ్బి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి, అరచేతిలో తట్టి, పైన రెండు రొయ్యలను తోకలతో సహా అద్ది నూనెలో వదిలేవాళ్ళు. అవి ఎర్రగా కాలి పైకి తేలేటప్పుడు వచ్చే వాసనకు కోచింగ్ సెంటర్లో మూడో అంతస్తులో కూర్చున్నవాడికి కూడా పాఠం బుర్రకెక్కదు. బందరు వైపు సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చి ఎల్.బి. నగర్‌లో కిరాయికి ఉంటున్న కుటుంబం అది. తండ్రి పొయ్యి దగ్గర, తల్లి పిండి దగ్గర, కాలేజీ లేని పూట కూతురు రొయ్యలు అద్దడానికి. ఆ తండ్రి మూకుడులో గరిటె తిప్పుతూ మా షాపు వైపు చెవి వేసి, నేను జనాన్ని పిలిచే పిలుపులు వింటూ ఉండేవాడట. ఒక రోజు సంబంధం అడగమని మా ఇంటికి మనిషిని పంపాడు. మా వాళ్ళది నల్లగొండ పక్క ఊరు. కులం, గోత్రం, జాతకం పెద్దవాళ్ళు చూసుకున్నారు. గొంతు మాత్రం మా మామయ్య చూసుకున్నాడు.

పెళ్ళికూతురు బీకాం పాసయిన పిల్ల. నేను తొమ్మిదో తరగతి. ఈ తేడాను జోకులతో పూడ్చేయవచ్చని నా ధీమా. రోడ్డున పోయేవాళ్ళను నవ్వించేవాడికి ఇంట్లో ఉన్న మనిషిని నవ్వించడం ఒక లెక్కా. పెళ్ళైన మర్నాడు ఒక జోకు వేశాను. ఆమె శ్రద్ధగా విన్నది. అయిపోయాక, "తర్వాత?" అంది. తర్వాత ఏమీ లేదు, అయిపోయింది. ఇంకొకటి చెప్పాను. "పాపం" అంది. షాపులో మెట్ల మీద జనాన్ని దొర్లించిన సరుకంతా రోజుకొకటి చొప్పున బయటికి తీశాను. ఆమె వార్తలు విన్నట్టు వినేది, తల ఊపేది, కంచం తీసుకెళ్ళి కడిగేది. గొంతు తప్ప ఆస్తి లేనివాడికి, ఆ గొంతు చెల్లని ఇల్లు ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఇష్టం లేకుండా చేసుకుందేమో అని లోపల ఒక పురుగు తొలచడం మొదలుపెట్టింది. అడిగే ధైర్యం లేదు. అడిగితే నిజం చెప్పే రకంలా కనిపించింది మరి.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు పుట్టింటికి పోవాలి, అత్తాకోడళ్ళు ఒకే కప్పు కింద ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. మామయ్య వచ్చి కూతుర్ని ఆటోలో ఎక్కించుకుపోయాడు. ఆటో కదిలేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చూశాను. సంచిలో ఏదో వెతుక్కుంటోంది. మా అమ్మ నా మొహం చూసి, "నెల దినాలు ఎంతసేపురా, గిట్ల పోయి గట్ల ఒస్తది" అంది. వస్తుందని నాకు నమ్మకం లేదు. ఫోన్ చేస్తే "ఆ", "ఊ", "తిన్నారా", "సరే ఉంటా, పప్పు నానింది" అనేది. పప్పు నానడం ఎంత ముఖ్యమో నాకు తెలుసు గానీ, మొగుడు కూడా ఇక్కడ నానుతున్నాడు కదా. పుట్టింట్లో హాయిగా కూర్చుని, "వాగుతూనే ఉంటాడమ్మా, నేను వెళ్ళను" అని వాళ్ళమ్మతో చెబుతున్నట్టు నాకు కలలు కూడా వచ్చాయి. కలలో కూడా ఆమె నవ్వలేదు.

మా షాపులో జాకెట్ ముక్కల కౌంటరు చూసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. జాకెట్ల బాబాయి అనేవాళ్ళం. నా మొహం చూసి విషయం రాబట్టాడు. విని, టేపు మెడలో వేసుకుని చాలాసేపు ఆలోచించి, "అత్తగారిల్లు ఎల్.బి. నగర్‌ల ఉన్నది. గడప ఆడ ఉన్నది. పిల్ల పొద్దుగూకంగనే ఈడ బండి కాడ ఉంటది. బండికి గడప ఉంటదారా?" అన్నాడు. ఆ క్షణంలో ఆయన నాకు సుప్రీంకోర్టు జడ్జిలా కనిపించాడు. ఆ సాయంత్రమే టీ టైములో సందులోకి నడిచాను.

నన్ను చూడగానే మా అత్తయ్య, ఎవరో స్విచ్ నొక్కినట్టు, గిర్రున వెనక్కి తిరిగిపోయింది. ఆషాఢంలో అల్లుడి మొహం చూడకూడదని వాళ్ళ వైపు ఇంకొక క్లాజు ఉందని నాకప్పుడే తెలిసింది. మామయ్య గరిటె పట్టుకుని కొయ్యబారి, రెండు క్షణాలు తనలో తాను తర్జనభర్జన పడి, ఎప్పుడూ చూడనివాణ్ణి అడిగినట్టు, "ఏం కావాలండీ?" అన్నాడు. నాకు అర్థమైంది. అల్లుడు రాకూడదు, గిరాకీ రావచ్చు. "ఒక ప్లేటు వడలండీ" అన్నాను. అత్తయ్య గ్యాసు సిలిండరు వైపు తిరిగి, దానితో, "ఆ బాబుని నీడలోకి నుంచోమనండి" అంది. నా భార్య తల ఎత్తలేదు. వడ తట్టింది, రొయ్యలు అద్దింది, మూకుడులో వదిలింది. ప్లేటు నా ముందు పెట్టి, "ఉల్లిపాయ వెయ్యమంటారా?" అంది. "వెయ్యండి" అన్నాను. "నిమ్మకాయ?" అంది. "మీ ఇష్టమండీ" అన్నాను. పెళ్ళైనప్పటి నుంచి మా మధ్య జరిగిన సంభాషణల్లో అదే పెద్దది. అప్పుడు ప్లేటులోకి చూస్తే వడకు రెండు కాదు, నాలుగు రొయ్యలున్నాయి, తోకలు నాలుగూ నాలుగు దిక్కులకు తిరిగి. అత్తయ్య నా మొహం చూడకపోయినా పిండి ముద్దను ఓరగా చూసింది కదా. అల్లుడి వడ మీద రెండు రొయ్యలంటే ఆవిడ ప్రాణం ఒప్పుకోలేదు. వెనక్కి తిరిగే, చెయ్యి మాత్రం ముందుకు చాపి, అదనంగా రెండు అద్దేసిందన్నమాట.

ఇక రోజూ అదే నాటకం. నేను గిరాకీ, మామయ్య ఎవరో బండాయన, అత్తయ్య ఒక వీపు. నేను జోకులు మానలేదు. ప్లేటు పట్టుకుని గాలితో మాట్లాడినట్టు ఏదో ఒకటి అనేవాణ్ణి. పక్కన నిలబడి తినే హాస్టల్ పిల్లలు పొరబోయి దగ్గేంతగా నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం వడలు తిరగేస్తూ ఉండేది. ఒక్కసారి నవ్వితే చాలు, ఆషాఢం తర్వాత తిరిగి వస్తుందని నమ్మేద్దామని నాకు నేనే ఒక ముహూర్తం పెట్టుకున్నాను. ఆ ఒక్కటీ రాలేదు. వాన మాత్రం రోజూ వచ్చేది.

అట్లాంటి ఒక మబ్బు సాయంత్రం, ఆ హాస్టల్ పిల్లల్లో కళ్ళద్దాల కుర్రాడొకడు (గ్రూప్స్‌కు చదువుతున్నాడట, ఏది చూసినా తేడాలు పట్టడం అలవాటు) నా ప్లేటును, తన ప్లేటును పక్కపక్కన పెట్టి చూశాడు. "అంకుల్, గీయనకు నాలుగు, మాకు రెండు. ఏంది గిది?" అన్నాడు.

మామయ్య చేతిలో గరిటె జారింది. అల్లుడని చెబితే ఆషాఢం పోతుంది, చెప్పకపోతే బండి పరువు పోతుంది. "అదీ... ఆయన మా పాత గిరాకీ బాబూ" అన్నాడు.

"నేను పోయినేడాది నుంచి తింటున్న. ఈయన మొన్నటి నుంచి తింటున్నడు. పాత ఎవలు?"

సిలిండరు వైపు నుంచి అత్తయ్య గొంతు వచ్చింది. "ఆ బాబుకి ఒంట్లో బాగోదయ్యా. నీరసం."

ఇంత ఆప్తంగా రోగం అంటగట్టాక ఊరుకుంటే బాగుండదని నేను గుండె మీద చెయ్యి పెట్టుకుని దగ్గాను. కొంచెం ఎక్కువే దగ్గాను.

"రొయ్యలు తింటే దగ్గు తక్కువైతదా? అయితే మా రూమ్మేటుకు గూడ దగ్గే, వానికీ నాలుగు పెట్టండి" అని ఇంకొకడు అందుకున్నాడు. ఇంకో నలుగురు వెంటనే దగ్గడం మొదలుపెట్టారు. సందంతా దవాఖానలా అయిపోయింది. ఈ పిల్లలే ఆ బండికి అన్నం. వాళ్ళు అలిగి పక్క సందులో నూడుల్స్ బండికి మారిపోతే ఆ ఇల్లు గడవదు. నా భార్య మొహం చూశాను. ఎర్రగా ఉంది. పొయ్యి సెగా, కోపమా తెలియలేదు. నా వల్ల వాళ్ళ బండికి ముప్పు వచ్చిందని మాత్రం తెలిసింది. అయిపోయింది, ఇక రాదు అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో షేర్ ఆటో ఆగి, అందులోంచి మా అమ్మ దిగింది. చేతిలో స్టీలు డబ్బా. రోజూ రాత్రి "ఆకలి లేదమ్మా" అంటున్నానని, కొడుక్కి పెళ్ళాం మీద రంది పట్టి అన్నం మానేశాడని కుమిలిపోయి, షాపు దగ్గరే నా చేత తినిపిద్దామని బయల్దేరి వచ్చిందట. షాపులో లేకపోతే జాకెట్ల బాబాయి ఈ సందు చూపించాడు. (జడ్జీలు కూడా ఒక్కోసారి ఇట్లా చేస్తారు.)

"ఏందిరా, ఇంట్ల బుక్కెడు అన్నం ముట్టవు, ఈడ నిలవడి ప్లేట్లకు ప్లేట్లు నాకుతున్నవా?" అంటూ దగ్గరికి వచ్చి, బండి వెనక ఉన్న మనిషిని చూసి ఆగిపోయింది.

నా భార్య చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. అలవాటుగా, "అత్తయ్యా" అనేసింది.

కళ్ళద్దాల కుర్రాడు ఆమెను చూశాడు, మా అమ్మను చూశాడు, నన్ను చూశాడు, నా ప్లేటులో తోకలు చూశాడు. "ఓ, అల్లుడా" అన్నాడు, జవాబు దొరికిన తృప్తితో. "గదేదో ముందే చెప్తే అయిపోతుండె గద అంకుల్. అల్లుడంటే నాలుగు పెట్టాలె. ఇంక తక్కువే పెట్టిన్రు." దగ్గుతున్నవాళ్ళంతా ఒక్కసారిగా ఆరోగ్యవంతులైపోయారు.

పిల్లలు శాంతించారు గానీ అత్తయ్య మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు మొదలుపెట్టింది. "తప్పయిపోయింది వదినగారూ. రావద్దని చెప్పలేక, గిరాకీ అనుకుని పెట్టాం. అల్లుడూ వచ్చాడు, ఇప్పుడు అత్తాకోడళ్ళు కూడా ఎదురుపడ్డారు. పిల్లలకి ఏం కీడు జరుగుతుందో" అంది. అంత దుఃఖంలోనూ నా వైపు తిరగలేదు.

మా అమ్మ బండి చుట్టూ ఒకసారి చూసింది. వంగి కింద కూడా చూసింది. "వదినె, గడప ఏడున్నది?" అంది. "చక్రాలే ఉన్నయ్. రోడ్డు మీద ఎదురువడుడు తప్పయితే దిల్‌సుఖ్‌నగర్ల కొత్త పెండ్లిండ్లన్నీ ఎప్పుడో కరాబ్ కావాలె. పరేషాన్ కాకు, ఊకో." అని డబ్బా మూత తీసి, "వదినె, వడలు చాలు, ఇగ అన్నం గూడ నీ అల్లునికి నువ్వే పెట్టు" అంది. మామయ్య, "మీది పెద్ద మనసు చెల్లెమ్మగారూ" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. (ఉల్లిపాయల వల్ల కూడా కావచ్చు.)

కథ అక్కడితో సుఖాంతం అయ్యేదే. కానీ మా మీద ఆకాశానికి ఇంకా ఏదో బాకీ ఉన్నట్టు, ధనధనా వాన దిగింది. మామయ్య గబగబా నీలం టార్పాలిన్ పట్టా లాగి, నాలుగు కర్రలకు కట్టేశాడు. అందరం దాని కిందకు దూరాం. దూరిన మరుక్షణం అత్తయ్య పైకి చూసి, "అయ్యో వదినగారూ, కప్పు" అంది. గడప లేదు, నిజమే. ఇప్పుడు కప్పు వచ్చింది కదా. అత్తాకోడళ్ళు ఒకే కప్పు కింద. మా అమ్మ కూడా పైకి చూసింది. "అవు" అని, కొంగు నెత్తిన వేసుకుని ఎదురుగా ఉన్న మందుల షాపు మెట్ల మీదికి పోయి నిలబడింది. వెళుతూ, "నువ్వు గూడ బయటికి నడువు" అంది నాతో. అల్లుణ్ణి కదా. ప్లేటు పట్టుకుని బయటికి నడిచాను.

పట్టా అంచుకు జానెడు దూరంలో, నడి వానలో నిలబడ్డాను. వడలు తడవకుండా ప్లేటు మీద అరచెయ్యి కప్పాను. పిల్లలందరూ హాస్టళ్ళకు పరుగు తీశారు. సందు ఖాళీ. మామయ్య బేసిన్ వైపు చూసి నిట్టూర్చాడు. సగం పైగా పిండి అట్లాగే ఉంది, రొయ్యలు కూడా. కలిపిన పిండీ, ఒలిచిన రొయ్యలూ రేపటికి ఉండవు, మురుక్కాలవలో పోయాల్సిందే. నా భార్య కూడా బేసిన్ వైపే చూస్తోంది. పొద్దున లేచి ఆ రొయ్యలన్నీ ఒలిచింది ఆ చేతులే.

అప్పుడు నాకు జోకులు గుర్తు లేవు, ఆషాఢం గుర్తు లేదు, ఆమె నవ్వుతుందా లేదా అన్నది కూడా గుర్తు లేదు. ఆ పిండి పోకూడదు, అంతే. హాస్టళ్ళ వైపు తిరిగి, పొట్టలో ఉన్న ఊపిరంతా తెచ్చి అరిచాను. నోరు అలవాటు పడిన మాటలే వచ్చాయి. "రండమ్మా రండి, కొత్త స్టాకు, ఇప్పుడే దిగింది. అంచు చూడండి, కరకరలాడే అంచు. రంగు పోదు, నీళ్ళలో వేసినా ముడుచుకోదు. పట్టుకుని చూడండి, మెత్తదనం చూడండి. ఒక్కసారి కట్టుకుంటే మళ్ళీ విడవరు."

కట్టుకుంటే అన్నాక నాకే ఏదో తేడా వినిపించింది. ఆగాను. అప్పటిదాకా వానకు చేతులు అడ్డం పెట్టుకోకుండా వడల మీదే పెట్టానేమో, మొహం మీద నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. వెనక ఏదో చప్పుడైంది. ప్రెషర్ కుక్కరు విజిల్ వేయబోయి ఆపుకున్నట్టు. తిరిగి చూశాను. నా భార్య పిండి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోతూ, బండి చెక్క మీదికి వంగిపోయింది. ఏడుస్తోందనుకున్నాను. ఆమె తల ఎత్తింది. ముక్కు మీద వడ పిండి, కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా నవ్వు. "కట్టుకుంటే..." అనబోయి, అనలేక, మళ్ళీ వంగిపోయింది. అత్తయ్య ఆ నవ్వు విని ఏమైందోనని తిరిగి, పొరపాటున నా మొహం చూసేసి, తానూ నవ్వేసింది. ఎదురు మెట్ల మీద మా అమ్మ డబ్బా పట్టుకుని నవ్వుతోంది. పైన హాస్టల్ కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. కళ్ళద్దాల కుర్రాడు బకెట్టు నెత్తిన బోర్లించుకుని ముందుగా దిగి వచ్చాడు. "అల్లుడన్నా, నాకు రెండు చీరలు పార్సిల్" అన్నాడు. వాన తగ్గేసరికి బేసిన్ అడుగు కనిపించింది.

ఆషాఢం అయిపోయాక ఆమె వచ్చింది. వచ్చిన రోజు అన్నం పెడుతూ తనే అంది. "మీరు జోకు చెప్పి నా మొహంలోకి చూస్తారండీ, పరీక్ష పేపరు ఇచ్చినట్టు. నవ్వాలేమో, ఎక్కడ నవ్వాలో, తప్పు చోట నవ్వితే ఏమనుకుంటారో అని నాకు వణుకు. బండి దగ్గర ప్రతిసారీ లోపల నవ్వు వచ్చేది. మీరు ఎదురుచూస్తుంటే ఆగిపోయేది." బీకాం పాసయిన మనిషి నా దగ్గర ఫెయిలవుతానని భయపడిందంటే, తొమ్మిదో తరగతి వాడికి అంతకన్నా డిగ్రీ ఏం కావాలి.

ఇప్పుడు ఆ బండి మాదే. సందు చివర, మెయిన్ రోడ్డు మీదుగా మెట్రో రైలు పోతుంటుంది. నీలం పట్టా పోయి రేకు వచ్చింది. మామయ్య స్టూలు మీద కూర్చుని నా పిలుపులకు ఇంకా మార్కులు వేస్తుంటాడు. ఆషాఢంలో జల్లు పడ్డప్పుడు నాకు ఆ సన్నటి కుర్రాడు గుర్తొస్తాడు. వానలో నిలబడి, ఒక్క నవ్వు కోసం రోజూ వడలు తిని, అసలు నవ్వు వచ్చే వేళకు దాన్ని అడగడం మర్చిపోయినవాడు. వాడిప్పుడు కనిపిస్తే రేకు కిందకు పిలిచి తల తుడవాలనిపిస్తుంది. ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, నా జోకులన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. సగంలోనే, "ఆ, తెలుసు, ఉల్లిపాయలు కోయండి" అంటుంది.

పని కాస్త సద్దుమణిగాక నాకు కూడా ఒక ప్లేటు పెడుతుంది. వడకు నాలుగు రొయ్యలు, తోకలు నాలుగు దిక్కులకు. ఏ ఏడాదికి ఆ ఏడాది ఎవడో ఒక కొత్త హాస్టల్ కుర్రాడు అది చూడనే చూస్తాడు. "అన్నా, నీకు నాలుగు, మాకు రెండేంది?" అంటాడు. నేను గుండె మీద చెయ్యి పెట్టుకుని దగ్గుతాను. ఆమె ఆ పక్కకు తిరిగి, సిలిండరు వైపు చూస్తూ నవ్వుతుంది.